మూడేళ్లా, ఇరవయ్యేళ్లా? శిక్ష ఖరారు వెనక లెక్క

(న్యాయవిద్యార్థులు, జూనియర్ న్యాయవాదుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం వద్దు, నేరుగా విషయంలోకి దిగుదాం.

1974లో అమెరికాలో ఒక పరీక్ష పెట్టారు. రాసింది విద్యార్థులు కాదు, జడ్జీలు. న్యూయార్క్, కనెక్టికట్, వెర్మాంట్ రాష్ట్రాల పరిధిలోని ఫెడరల్, అంటే కేంద్ర స్థాయి కోర్టుల జడ్జీలు 50 మందికి అవే 20 కేసు ఫైళ్లు ఇచ్చారు. ముద్దాయి ఎవడు, ఏం చేశాడు, పాత కేసులేమైనా ఉన్నాయా, అన్నీ అందరికీ ఒకటే. మీరైతే ఎంత వేస్తారు అన్నదొక్కటే ప్రశ్న. అందులో బెదిరించి డబ్బు గుంజిన కేసు ఒకటుంది. దానికి ఒక జడ్జి 20 ఏళ్ల జైలు, పైన 65 వేల డాలర్ల జరిమానా వేశాడు. అదే ఫైలు చదివిన ఇంకో జడ్జి మూడేళ్లు వేశాడు. జరిమానా ఊసే ఎత్తలేదు.

ఇరవయ్యేళ్లు వేసినాయన్ని తప్పుపట్టలేం. మూడేళ్లు వేసినాయన్నీ తప్పుపట్టలేం. ఈ నేరానికి గరిష్ఠ శిక్ష ఇంత అని చట్టం రాసింది, దాని లోపల మీ ఇష్టం అంది. శిక్ష చట్టం గీసిన గీత దాటకపోతే, ఇంతెందుకు వేశారని పైకోర్టు కూడా అడిగేది కాదు. ఇదేం పద్ధతి అని గట్టిగా నిలదీసిన వాళ్లలో ఒకాయన తనే జడ్జి, పేరు మార్విన్ ఫ్రాంకెల్. నేరం రుజువు కావాలంటే ఎన్ని నియమాలు చూడండి: సాక్షిని ఏ ప్రశ్న అడగొచ్చు, ఏ కాగితం చెల్లుతుంది, ఏది చెల్లదు. తీరా మనిషిని ఎన్నాళ్లు లోపల పెట్టాలి అన్న దగ్గరికొచ్చేసరికి నియమమే లేదు. ఇదీ ఆయన బాధ. ఈ పనికి ఒక కమిషన్ ఉండాలన్నాడు. 1980లో మిన్నెసోటా రాష్ట్రం, ఏ నేరానికి ఎంత శిక్ష వేయాలో చెప్పే మార్గదర్శకాలు అమల్లోకి తెచ్చింది. 1984లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, 1987 నవంబరు 1 నుంచి ఫెడరల్ కోర్టుల్లో అవి అమలయ్యాయి.

మార్గదర్శకాలు అనగానే చాలామంది భయం ఒకటే, జడ్జిని లెక్కల గుమాస్తాను చేసేస్తారని. ఆ భయంలో కొంత నిజముంది, దాని దగ్గరికి వస్తాను. కానీ నా దృష్టిలో వాటి అసలు పని శిక్షలన్నీ ఒకేలా చేయడం కాదు. ఇద్దరు ముద్దాయిలకు పడిన శిక్షల్లో తేడా ఉండొచ్చు, ఉండాలి కూడా. ఆ తేడా ఎక్కడ పుట్టిందో ఆర్డరులో వేలు పెట్టి చూపించగలగాలి. ఈ రెండేళ్లు కత్తి పట్టుకొచ్చినందుకు, ఈ ఏడాది తగ్గింది నేరం ఒప్పుకున్నందుకు అని. అలా చూపించగలిగితేనే అప్పీలులో దాని మీద వాదించడానికి ఏదైనా దొరుకుతుంది.

ఎలా నడుస్తుందో ఒక కేసు పెట్టుకుని చూద్దాం. ఒకడు బ్యాంకులోకి వచ్చాడు. తుపాకీ తీసి చూపించాడు. కాల్చలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కౌంటర్లో ఉన్న కొద్దిపాటి డబ్బు పట్టుకుని పోయాడు. తర్వాత దొరికిపోయాడు, నేరం ఒప్పుకున్నాడు. ఇదే అతని మొదటి నేరం.

అమెరికా ఫెడరల్ పట్టికలో నిలువుగా నేర తీవ్రతకు 43 స్థాయిలు, అడ్డంగా పాత నేర చరిత్రకు 6 వర్గాలు ఉంటాయి. దోపిడీకి మొదలు 20వ స్థాయి. బ్యాంకు కాబట్టి 2 కలపాలి. తుపాకీ చూపించాడు కాబట్టి ఇంకో 5. మొత్తం 27. తప్పు ఒప్పుకుని, ప్రభుత్వానికి విచారణ శ్రమ తప్పించాడు కాబట్టి 3 తీసేస్తారు. 24 అయింది. పట్టికలో 24వ వరుసలో మొదటి గడి చూడండి: 51 నుంచి 63 నెలలు. అదే మనిషికి పాత శిక్షలు బాగా ఉండి ఆరో వర్గంలో పడితే, అదే వరుస చివరి గడిలో 100 నుంచి 125 నెలలు. నేరం అదే, చేసింది అంతే. చరిత్ర వల్ల రెట్టింపు.

ఆ తుపాకీ దగ్గర కాస్త ఆగుదాం, వకీళ్లకు అన్నం పెట్టే చోటు అదే. తుపాకీ దగ్గరుంచుకున్నా, తీసి చూపించినా 5. అంతకంటే ముందుకెళ్లి దాన్ని ఇంకోలా వాడితే 6. పేలిస్తే 7. మరి కౌంటర్లో అమ్మాయికి గురిపెట్టి డబ్బు తియ్యి అన్నాడనుకోండి, అది చూపించడమా, వాడడమా? ఈ ఒక్క అంకె మీద అప్పీళ్లు నడిచాయి. బయటివాళ్లకు ఇది వెంట్రుకలు చీల్చడంలా కనిపిస్తుంది. లోపలున్నవాడికి ఆ అంకె విలువ నెలల్లో ఉంటుంది. కాల్పులు జరిగి 7 కలిపామనుకోండి, మన లెక్క 26కి వచ్చి 63 నుంచి 78 నెలలయ్యేది. పట్టిక లేని చోట ఈ వాదనే పుట్టదు. అక్కడ ‘మారణాయుధం చూపి భయభ్రాంతులకు గురిచేసి’ అని ఒక వాక్యం రాసి, కింద ఏడేళ్లు అంటారు. ఆ ఏడులో తుపాకీ వాటా ఎంతో భగవంతుడికే తెలియాలి.

గడి చిన్నదిగా ఉండడం కూడా చట్టం చెప్పిందే. జైలు శిక్ష పరిధిలో పైఅంకె కిందిఅంకెను నాలుగో వంతుకు మించి గానీ ఆరు నెలలకు మించి గానీ దాటకూడదు, ఆ రెంటిలో ఏది ఎక్కువైతే అది. 51కి 63 అందుకే వచ్చింది. తొలి పదిహేడేళ్లు జడ్జి ఆ గడిలోనే ఉండి తీరాలి, బయటికి రావాలంటే దారి చాలా ఇరుకు. 2005లో బుకర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని మార్చేసింది. మామూలు పౌరులు కూర్చునే జ్యూరీ తేల్చని సంగతుల్ని జడ్జి తనకు తానే తేల్చి, వాటి ఆధారంగా శిక్ష తప్పనిసరిగా పెరగడం జ్యూరీ విచారణ హక్కుకు విరుద్ధం అంది. అప్పటి నుంచి పట్టిక సలహా మాత్రమే.

సలహా అయ్యాక దానికి పని లేకుండా పోయిందనుకుంటే పొరపాటు. జడ్జి ఇప్పటికీ ముందు లెక్క వేయాల్సిందే. లెక్క తప్పేస్తే ఆ శిక్ష అప్పీలులో నిలవడం కష్టం. ముందు గడి చూసి, తర్వాత ఈ మనిషికి ఇది సరిపోతుందా అని ఆలోచించి, బయటికి వెళ్లదలుచుకుంటే కారణం చెప్పి వెళ్లాలి. ఎంత దూరం వెళ్తే అంత గట్టి కారణం కావాలి. నాకు నచ్చే ఏర్పాటు ఇదే. ఇనుప పట్టిక కంటే ఇది మేలు, పట్టికే లేకపోవడం కంటే ఎన్నో రెట్లు మేలు.

ఇప్పుడు అందులో చీకటి కోణం. మన బ్యాంకు దొంగ 51 నుంచి 63 నెలల దగ్గర ఉన్నాడు కదా. అంటే సుమారు నాలుగేళ్ల మూడు నెలల నుంచి అయిదేళ్ల మూడు నెలలు. ఇప్పుడు ప్రాసిక్యూటర్ అదే తుపాకీని విడిగా ఇంకో నేరంగా చార్జి చేశాడనుకోండి, దానికి వీలు కల్పించే సెక్షను వేరే ఉంది. హింసాత్మక నేరంలో తుపాకీ చూపిస్తే కనీసం ఏడేళ్లు, అదీ మిగతా శిక్ష అయిపోయాక మొదలు కావాలి, ఏకకాలంలో నడవదు. అప్పుడు పట్టికలో తుపాకీకి కలిపిన 5 తీసేస్తారు, ఒకే పనికి రెండుసార్లు లెక్క కట్టకూడదు గనుక. 22లో 3 పోతే 19. దాని గడి 30 నుంచి 37 నెలలు. దానికి 84 నెలలు కలపండి. 114 నుంచి 121. తొమ్మిదిన్నరేళ్ల నుంచి పదేళ్లు!

జరిగిన సంఘటనలో వెంట్రుకవాసి మార్పు లేదు. మారింది చార్జిషీటు. జడ్జి దగ్గర అధికారం తగ్గిస్తే అది ఆవిరైపోదు, పక్క బల్ల దగ్గరికి జరుగుతుంది. జడ్జి కోర్టులో అందరి ముందు కూర్చుని కారణం చెబుతాడు. ఏ చార్జి పెట్టాలో, బేరంలో ఏది వదిలేయాలో తన గదిలో తేల్చుకునే ప్రాసిక్యూటర్ ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు. దీనికి సుప్రీంకోర్టు 2017లో డీన్ కేసులో కొంత విరుగుడు ఇచ్చింది. ఆ ఏడేళ్లు తప్పవు గానీ, దోపిడీకి శిక్ష లెక్కించేటప్పుడు ఏడేళ్లు ఎలాగూ పడుతున్నాయన్న సంగతి జడ్జి మనసులో పెట్టుకోవచ్చంది. మార్గదర్శకాలను మెచ్చుకునేవాళ్లు, నాతో కలిపి, ఈ చార్జి సంగతి దాటవేయకూడదు.

ఎవరో చెయ్యెత్తారు. అడగండమ్మా.

‘సర్, పట్టికలోని అంకెలే తప్పయితే?’

మంచి ప్రశ్న, చివరికి దాచుకోకుండా ఇప్పుడే అడిగారు. అంకె తప్పయితే ఆ తప్పు దేశమంతా ఒకే కొలతలో పంచుకుంటుంది. దానికి పేరుమోసిన ఉదాహరణ కొకైన్. 1986 చట్టం ప్రకారం పొడి కొకైన్ 500 గ్రాములుంటే కనీసం అయిదేళ్లు. క్రాక్ అనే గడ్డ రూపంలో 5 గ్రాములకే అయిదేళ్లు. అంటే ఒకటికి వంద. ఆ నిష్పత్తినే మార్గదర్శకాల్లోకీ దింపారు. క్రాక్ కేసుల్లో శిక్ష పడినవాళ్లు ఎక్కువగా నల్లజాతివాళ్లు. ఏ జడ్జీ పక్షపాతం చూపనక్కర్లేకుండానే, పట్టిక చక్కగా పాటించినందుకే, ఫలితం ఒక వైపు ఒరిగింది. ఈ నిష్పత్తి సరికాదని శిక్షల కమిషన్ చాలా ఏళ్లు చెబుతూ వచ్చింది. 2007లో కింబ్రో కేసులో, ఈ నిష్పత్తితో విభేదించి జడ్జి తక్కువ వేయొచ్చని సుప్రీంకోర్టు అంది. 2010లో కాంగ్రెస్ దాన్ని 18కి దించింది. ఇరవై నాలుగేళ్లు పట్టింది.

కానీ ఇందులో ఇంకో వైపు చూడండి. అది ఒకటికి వంద అని కాగితం మీద ఉంది కాబట్టే దాన్ని పట్టుకుని పోరాడగలిగారు. ఒక్కో జడ్జి బుర్రలో ఒక్కో నిష్పత్తి ఉంటే దేన్ని సవాలు చేస్తారు?

ఇంగ్లండ్, వేల్స్ దారి వేరు. అక్కడ ఒకే పెద్ద పట్టిక ఉండదు. ఒక్కో నేరానికి ఒక్కో పత్రం. 2010 నుంచి శిక్షల మండలి వాటిని తయారుచేస్తోంది. 14 మంది సభ్యుల్లో 8 మంది న్యాయవ్యవస్థ నుంచి, 6 మంది బయటి నుంచి. పత్రంలో మొదటి మెట్టు రెండు ప్రశ్నలు: ముద్దాయి దోషం ఎంత, జరిగిన హాని ఎంత. వీధిలో కత్తి చూపించి దోచుకున్నాడనుకోండి, దోషం పై వర్గం. బాధితుడికి తీవ్రమైన హాని లేదు, అలాగని తేలిగ్గా తీసేయదగ్గదీ కాదు, మధ్య వర్గం. ఆ రెండూ కలిసిన గడిలో అయిదేళ్లు మొదలు, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వరకు పరిధి. గడి చాలా వెడల్పు, గమనించారా? అమెరికాలో ఏడాది వెడల్పు, ఇంగ్లండులో నాలుగేళ్లు.

ఆ మొదలు దగ్గర నుంచి జడ్జి పైకో కిందికో జరుగుతాడు. పాత శిక్షలున్నాయి, తాగి ఉన్నాడు, గుంపులో నాయకుడు: పైకి. చిన్న వయసు, పశ్చాత్తాపం, మానసిక అనారోగ్యం: కిందికి. జరిగి జరిగి ఆరేళ్ల దగ్గర ఆగాడనుకుందాం. అప్పుడొస్తుంది నేరం ఒప్పుకున్నందుకు తగ్గింపు. మొదటి అవకాశంలోనే ఒప్పుకుంటే మూడో వంతు, ఆ తర్వాతైతే నాలుగో వంతు, విచారణ మొదలయ్యే రోజు ఒప్పుకుంటే పదో వంతు. మొదట్లోనే ఒప్పుకున్నాడు కాబట్టి ఆరేళ్లలో రెండేళ్లు పోయి నాలుగేళ్లు. ఈ తగ్గింపు మీద విమర్శలూ ఉన్నాయి. అమాయకుడు కూడా భయపడి ఒప్పుకోడా అని. ఒప్పుకుంటాడు, ఆ ప్రమాదం ఉంది. అయితే అక్కడ ఒప్పుకుంటే ఎంత, ఒప్పుకోకపోతే ఎంత అన్నది ముందే తెలుసు. చీకట్లో బేరం కాదు.

న్యాయానికి విరుద్ధమవుతుందనుకుంటే తప్ప కోర్టులు మార్గదర్శకాన్ని పాటించి తీరాలని అక్కడి చట్టం. ఈ లెక్కంతా జడ్జి కోర్టులో ముద్దాయి ముఖం మీదే చదువుతాడు. 2022 జులై నుంచి కొన్ని పెద్ద కేసుల్లో ఆ భాగాన్ని టీవీలో చూపిస్తున్నారు. న్యాయవిద్యార్థులు ఒక్కసారైనా చూడాలి. సగం కథ బాధితుల గురించి, సగం ఈ మెట్ల గురించి ఉంటుంది.

రాజకీయాలు అక్కడా తప్పలేదు. ఏయే ముద్దాయిల విషయంలో శిక్షకు ముందు వాళ్ల నేపథ్యం మీద ప్రొబేషన్ నివేదిక తెప్పించుకోవాలన్న మార్గదర్శకంలో జాతి, మత మైనారిటీలను కూడా చేర్చారని 2025లో పెద్ద గొడవైంది. అమల్లోకి రాకముందే ఆపేశారు, పార్లమెంటు అదే ఏడాది చట్టం చేసి ఆ దారి మూసింది. దాని మంచిచెడ్డలు మరోసారి.

ఇక మార్గదర్శకాలు లేని వ్యవస్థ ఎలా ఉంటుందో చూడాలంటే భారతదేశం కంటే ఉదాహరణ అక్కర్లేదు. దోపిడీకి పదేళ్ల దాకా కఠిన కారాగారం. కనీసం లేదు. మారణాయుధం వాడితే ఏడేళ్లకు తగ్గకూడదు. ఈ రెండు అంకెల మధ్య ఏమీ లేదు, ఖాళీ. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఒక మంచి పని చేసింది. నేరం రుజువయ్యాక శిక్ష విషయంలో ముద్దాయి చెప్పేది విడిగా వినాలంది. సెషన్స్ కేసుల్లో అప్పటి 235వ సెక్షను, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 258. ఇది తంతు కాదు, నిజంగా వినాలని 1976లోనే సంతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆచరణలో మీరందరూ చూసే ఉంటారు. తీర్పు చదివేశారు. నేరం రుజువైంది, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జిగారు అడుగుతారు. బోనులో మనిషికి అప్పటికే కాళ్లు వణుకుతుంటాయి. ‘నేనే పాపం ఎరగనండీ. ముసలి తల్లిదండ్రులున్నారు, పిల్లలు చిన్నవాళ్లు, దయ చూపించండి’ అంటాడు. డిఫెన్స్ లాయరు లేచి అదే మాట ఇంగ్లీషులో అంటాడు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేచి, ఇలాంటివాళ్లను ఉపేక్షిస్తే సమాజానికి తప్పుడు సంకేతం వెళ్తుందంటాడు. ఆర్డరులో ఒక పేరా: ముద్దాయి చెప్పింది విన్నాను, కేసు స్వరూపం, నేర తీవ్రత దృష్టిలో పెట్టుకుని... ఇక అంకె. ఆ చుక్కల దగ్గరే అసలు పనంతా జరిగింది. అదేమిటో ఆ పేరాలో ఉండదు. ఇంతకంటే తగ్గించండని అప్పీలుకు వెళ్తే, హైకోర్టు కూడా అలాంటి పేరానే ఇంకోటి రాసి ఏడును అయిదు చేస్తుంది. ఏడు ఎందుకు ఎక్కువైందో, అయిదు ఎందుకు చాలిందో కిందికోర్టు జడ్జికి కూడా తెలియదు.

మరణశిక్ష విషయంలో కాస్త ఎక్కువ ఆలోచించారు. 1980లో బచ్చన్ సింగ్ తీర్పు ‘అరుదైనవాటిలోకెల్లా అరుదైన’ కేసుల్లోనే అంది. నేరాన్నే కాదు, నేరస్థుణ్నీ చూడాలంది. కానీ ప్రమాణాల జాబితా గీయడానికి ఒప్పుకోలేదు, మనిషి జీవితం జాబితాలో ఇమడదన్న ఉద్దేశంతో. ఆ జాగ్రత్త వెనక గౌరవం ఉంది, కాదనను. ఫలితం మాత్రం ఒక బెంచి దగ్గర అరుదైనది, ఇంకో బెంచి దగ్గర మామూలైపోయింది. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆచరణకు పనికొచ్చే మాట చెప్పింది: ముద్దాయి నేపథ్యం, మానసిక స్థితి, జైల్లో ప్రవర్తన మీద నివేదికలు తెప్పించుకుని చూడాలని. ముసలి తల్లిదండ్రులున్నారన్న ఒక్క వాక్యంతో పోలిస్తే అది పెద్ద అడుగు. కానీ ఉరికంబం దాకా వచ్చిన కేసులకే. చిల్లర దొంగతనానికి రెండేళ్లు పడినవాడికి ఆ వైభోగం లేదు.

శిక్ష ఖరారు ఇక్కడి నేర న్యాయంలో బలహీనమైన అంగమని సుప్రీంకోర్టే సోమన్ కేసులో ఒప్పుకుంది. 2003లో నేర న్యాయ సంస్కరణల మీద వేసిన మలిమత్ కమిటీ మార్గదర్శకాలు కావాలంది. 2024 మేలో బీహార్ నుంచి వచ్చిన సునీతా దేవి కేసులో సుప్రీంకోర్టు, సమగ్ర శిక్షా విధానం గురించి ఆలోచించమని కేంద్ర ప్రభుత్వానికి చెప్పింది. అదే ఏడాది జులైలో పాత శిక్షాస్మృతి స్థానంలో అమల్లోకి వచ్చిన న్యాయ సంహిత సెక్షన్ల నంబర్లు మార్చింది, కొన్ని శిక్షలు పెంచింది, చిన్న నేరాలకు సమాజ సేవ తెచ్చింది. సున్నాకీ పదికీ మధ్య ఖాళీని మాత్రం అలాగే వదిలింది.

ఆ ఖాళీ ఊరికే ఉండదు. కారణాలు లేని తక్కువ శిక్షలు వరసగా పడుతుంటే జనానికి ఒళ్లు మండుతుంది, చట్టసభ కనీస శిక్ష పెట్టేస్తుంది. అత్యాచార నేరానికి 1983లో ఏడేళ్లు కనీసం చేశారు. తగిన, ప్రత్యేక కారణాలు రాస్తే తగ్గించొచ్చని ఒక వెసులుబాటు ఉంచారు. ఆ ప్రత్యేక కారణాల కింద ఏమేం రాశారో పాత రిపోర్టులు తిరగేయండి, రాజీ అయ్యారని, పెళ్లయిపోయిందని. 2013లో పార్లమెంటు ఆ వెసులుబాటే తీసేసింది, 2018లో కనీసాన్ని పదేళ్లు చేసింది. నన్నడిగితే కనీస శిక్ష అన్నది అన్నిటికంటే మొద్దు పనిముట్టు. నిజంగా తగ్గించాల్సిన కేసు వచ్చినప్పుడు జడ్జి చేతులు కట్టేసి ఉంటాయి.

చివరి వరసలో బాబూ, మీరేదో అడగబోతున్నారు.

‘మార్గదర్శకాలు తెస్తే శిక్షలు పెరుగుతాయా, తగ్గుతాయా సార్?’

రెండూ జరిగాయి. అమెరికా ఫెడరల్ జైళ్లలో 1980లో సుమారు 25 వేల మంది ఉండేవాళ్లు. 2013 నాటికి 2 లక్షల 19 వేలు. అంతా పట్టిక పాపమే అనలేం. కాంగ్రెస్ పెట్టిన కనీస శిక్షలున్నాయి, మాదకద్రవ్యాల కేసుల వెల్లువ ఉంది, 1984 నాటి చట్టం గడువుకు ముందే విడుదల చేసే పెరోల్‌ను కూడా ఎత్తేసింది. కానీ పట్టిక గీసిన కమిషన్ కూడా చాలా నేరాలకు పాత సగటు కంటే ఎక్కువే పెట్టింది. మిన్నెసోటాలో అలా చేయలేదు. అక్కడి కమిషన్ అంకెలు వేసేముందు రాష్ట్రంలో జైలు గదులు ఎన్ని ఉన్నాయో లెక్క తీసుకుంది. ఒక నేరానికి శిక్ష పెంచాలంటే ఇంకో నేరానికి ఎక్కడో తగ్గించాలి, లేదంటే కొత్త జైలు కట్టాలని చట్టసభకు లెక్క చూపించాలి. కాబట్టి ఎక్కడైనా మార్గదర్శకాల ముసాయిదా బయటికొస్తే, మీరు ముందు అంకెలు చూడకండి. ఆ అంకెలు వేసినవాళ్లు జైళ్ల లెక్క ఎదురుగా పెట్టుకుని వేశారా, ప్రాసిక్యూటర్ చార్జి ఎంచుకునే పద్ధతి గురించి అందులో ఒక్క ముక్కైనా ఉందా, ఆ రెండూ చూడండి.

టైమైపోయిందంటున్నారు. మిగతా ప్రశ్నలు బయట టీ దగ్గర మాట్లాడుకుందాం.